మూడు రంగుల కుడుములు

పుదీనా కట్టలు తెచ్చిన ఆకుకూరల అవ్వ ఆ పొద్దు మా దుకాణం ముందే గంప దించింది. ఎప్పుడూ అట్లా దించదు. పంద్రాగస్టు నాడు ఆమె గంప నేరుగా మా వరుసలో చివరి ఇంటికి పోవాలి. షర్బత్‌లోకి పుదీనా అప్పుడే తెంపింది కావాలని ఆ ఇంటావిడ పట్టు.

“పుదీన నువ్వే తీస్కో బిడ్డా,” అంది అవ్వ. “ఆడ ఎవలకియ్యాలె. అక్క పోయిందట.”

ఆ ఇంటికి పోయేలోపు నాలుగు జెండాలు అమ్ముదామని నేను షట్టరు సగం ఎత్తి పట్టుకొని ఉన్నాను. ఎక్కడికి పోయింది అని అడిగాను. నిజంగానే అడిగాను. డోర్నకల్‌లో పుట్టింటికి గాని పోయిందా, పండుగ పూట పిల్లలందరినీ వదిలేసి ఎట్లా పోతుంది అని కొంచెం కోపం కూడా వచ్చింది. అవ్వ నా మొఖంలోకి చూసి, ఆగి ఆగి చెప్పింది.

“పోవుడంటే పోవుడే బిడ్డా. పానం పోయింది. చాయ్ పెట్టుమన్నదట మొగన్ని. ఆయన చాయ్ తెచ్చేసరికి లేదట.”

షట్టరు నా చేతిలోంచి జారి కింద పడింది. ఆ చప్పుడుకు వీధిలో ఇద్దరు ముగ్గురు తలుపులు తీసి చూశారు. పుదీనా కట్టలు నేను ఎప్పుడు అందుకున్నానో నాకు తెలియదు. చెప్పులు లేకుండా ఆ చివరి ఇంటి దాకా నడిచి, గేటు ముందు నిలబడ్డాక చూసుకుంటే రెండు చేతుల్లో పుదీనా ఉంది.

ముందురోజు సాయంత్రమే ఆమె నా దుకాణంలో స్టూలు మీద కూర్చొని పోయింది. మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళ మణికట్టు పట్టుకోవడం ఆమెకు అలవాటు. చెప్పేది అయిపోయేదాకా వదలదు. ఆ సాయంత్రం కూడా నా చెయ్యి పట్టుకొని, “రేపు జర జల్దీ రా పిల్లా, ఒక్కదాన్నే ఒత్తలేను,” అంది. ఆ చెయ్యి పొద్దటికి లేదంటే ఎట్లా నమ్మాలి? ఏడాది దాటినా, ఇది రాస్తూ కూడా, ఆ ముక్క దగ్గరే ఆగిపోతున్నాను.

మా ఊరు కాగితాల మీద మహబూబాబాద్, నోటికి మానుకోట. మా కాలనీ రైలుపట్టాలకు అవతల పక్క. నాది చిన్న జిరాక్సు దుకాణం. పంద్రాగస్టు దగ్గర పడితే కాగితపు జెండాలు, చొక్కాకు పెట్టుకునే బిళ్ళలు అమ్ముతాను. ఆమె పేరు ఇక్కడ రాయను. కాలనీలో కూడా ఆ పేరు ఎవరూ పలికినట్టు గుర్తులేదు. చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్క. ఆమెకు మాత్రం ఆడవాళ్ళందరూ పిల్లా, మగవాళ్ళందరూ పిల్లగా. మా కాలనీ సంఘం అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు, తెల్లజుట్టు మనిషి, అందరికీ సారు. ఆయనను ఒకసారి “ఓ పిల్లగా” అని పిలిచి నాలుక కరుచుకుంది. మరుసటి ఏడు కరుచుకోవడం కూడా మానేసింది.

కాలనీ కొత్తలో పంద్రాగస్టు అంటే జెండా, సారు ఉపన్యాసం, ఒక చాక్లెట్టు. సారు ఉపన్యాసం మొదలుపెడితే చరిత్ర అంతా నడిచి రావలసిందే. పిల్లలు నీళ్ళ ట్యాంకు పక్కన ఖాళీ జాగాలో ఎండలో వరుస కట్టి నిలబడేవాళ్ళు. జెండా ఎగిరాకే తినాలని ఇళ్ళలో తల్లులు చెప్పి పంపేవాళ్ళు. ఒక ఏడు మొదటి వరుసలో నిలబడ్డ చిన్నపిల్ల కళ్ళు తేలేసి పడిపోయింది. అందరికంటే ముందు ఉరికింది అక్కే. ఆ పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకొని నీళ్ళు చల్లి, “పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?” అని అడిగింది. ఏం లేదని పిల్ల తల ఊపింది.

అక్క లేచి నిలబడలేదు. కూర్చున్నచోటు నుంచే సారును చూసి అంది:

“సారూ, జెండాకు దండం వెట్టిన చేతిల గింత చాక్లెట్ వెడితే ఏం సరిపోతది? మూడు రంగులున్నయి గద జెండాల. మూడింట్ల ఒక్కటన్న కడుపుల పడొద్దా?”

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. మరుసటి పంద్రాగస్టుకు మూడు రంగుల షర్బత్ చేసుకొని వచ్చింది.

ఆ మొదటి షర్బత్ సంగతి చెప్పాలి. అడుగున పుదీనా నీళ్ళు, నడుమ కొబ్బరిపాలు, పైన క్యారెట్టు రసం. ఇంట్లో ఒక గ్లాసులో పోసి చూసుకుంటే రంగులు వేటికవే నిలిచాయట. తీరా గ్లాసులన్నీ తాంబాళంలో సర్ది, ట్యాంకు దాకా మోసుకొచ్చేసరికి అంతా కలిసి వానాకాలం కాలువ నీళ్ళలా అయింది. పిల్లలు ముక్కులు మూసుకొని ఒకరినొకరు తోసుకున్నారు. ఆమె ఒక గ్లాసు ఎత్తి చూసింది. నడుము మీద చెయ్యి వేసుకుంది.

“కలిస్తే కలిసినయ్ తియ్యి. కడుపుల వడ్డంక విడివిడిగుంటయా?”

అంతే, పిల్లలు తాగేశారు. రుచి బాగానే ఉంది.

తరువాతి ఏడు నుంచి కుడుములు మొదలయ్యాయి. బియ్యప్పిండి ఉడకబెట్టి మూడు ముద్దలు చేసేది. ఒక దాంట్లో క్యారెట్టు తురిమి పిండిన రసం, ఒక దాంట్లో పాలకూర నూరిన ముద్ద, నడుమది ఉత్తది. మూడింటినీ పక్కపక్కన పెట్టి అరచేతితో ఒత్తి, ఆవిరికి పెట్టేది. నూనెలో వేస్తే పచ్చది నల్లబడుతుందని, పెనం మీద వేస్తే తెల్లది ఎర్రబడుతుందని, ఆవిరి ఒక్కటే ఏ రంగునూ పాడుచెయ్యదని చాలా పిండి పారబోసుకున్నాక తెలుసుకుంది. పారబోసిన ప్రతిసారీ వాళ్ళ అత్త ఇంటి ముందు గద్దె మీద కూర్చొని వినపడేలా అనేది:

“ఇంట్ల చారు లేదు గని, ఊరికి కుడుములట.”

అత్తది దేవరుప్పుల దిక్కు. కర్ర పక్కన పెట్టుకొని రోజంతా గద్దె మీదే ఉండేది. కోడలితో నేరుగా మాట్లాడడం చాలా అరుదు. ఏదన్నా అనాలంటే వీధికి చెప్పేది. కోడలు కూడా వీధికే జవాబిచ్చేది. “మా అత్త తిట్టు తగలకుంటే పిండి ఉడకది పిల్లా,” అని నాతో గట్టిగా అని, లోపల అత్త గొణుగుతుంటే కళ్ళెగరేసేది.

ఒకసారి మా వరుసలో ఒకామె బేకరీ నుంచి ఆకుపచ్చ రంగు పొట్లం తెచ్చి ఇచ్చింది. ఇంత ఆకు నూరే బాధ ఎందుకని. అక్క కాదనలేదు. ఆ పొడి కాస్త తడిపి తన ముంజేతి మీద రాసుకొని ఇంటికి పోయింది. మర్నాడు అందరి ఇళ్ళకూ వచ్చి చెయ్యి చూపించింది. చెయ్యి ఇంకా చిలక రంగులోనే ఉంది.

“సబ్బుతోని రుద్దిన, పోలే. తోలు మీదికెల్లే పోకపోతే పేగులల్లకెల్లి పోతదా? నువ్వే చెప్పు.”

ఆ రంగు పది రోజుల దాకా లీలగా కనపడుతూనే ఉంది. పొట్లం తెచ్చినామె ఎదురైనప్పుడల్లా అక్క కొంగు కప్పుకొని పక్కకు తప్పుకునేది, ఆమె నొచ్చుకోవద్దని.

సారు ఉపన్యాసానికి కూడా ఆమె ఒక మందు కనిపెట్టింది. కుడుముల బేసిన్ల మీద తడి బట్ట కప్పి వేదిక పక్కనే పెట్టించేది. కాసేపు వినేది. ఉపన్యాసం మలుపు తిరిగి మళ్ళీ మొదటికి వస్తోందనిపించగానే బట్ట ఒక మూల ఎత్తేది. వేడి కుడుముల వాసన వరుసల మీదుగా పోయేది. పిల్లలు కదిలేవాళ్ళు. సారు గొంతు తడబడేది. ఇంకా ఆగకపోతే ఇంకో మూల ఎత్తేది. ఆమె బట్ట పూర్తిగా తీసేలోపు ముగించే నేర్పు సారుకు వచ్చేసింది. ఆయన కోప్పడలేదు గాని, బట్ట వైపు చూడకుండా మాట్లాడడానికి మాత్రం ఎంతో కష్టపడేవాడు.

జెండా నడుమ చక్రం ఉంది కదా, నీలం ఎట్లా అని ఒక ఏడు ఒక పిల్ల అడిగిందట. దానికోసం నన్ను వెంటబెట్టుకొని రైలుకంచె వెంట నడిచింది. ఆ కంచె మీద శంఖుపూల తీగ అల్లుకొని ఉంటుంది. కొంగులో ముదురు నీలం పూలు తెంపుకుంటూ ఉండగా గూడ్సు బండి వచ్చింది. ఆమె పూలు వదిలేసి, బండి అంతా పోయేదాకా నిలబడి, చివరి పెట్టెలోని గార్డుకు చెయ్యి ఊపింది. గార్డు కూడా ఊపాడు.

“మా నాయిన డోర్నకల్‌ల గ్యాంగ్‌మన్,” అంది. “మా ఇంట్ల జెండలంటే రెండే పిల్లా. పచ్చది, ఎర్రది. పట్టాల మీద ఏదన్న అయితేనే ఎర్రది. గది ఊపిన దినం మా నాయిన ఇంటికొచ్చి అన్నం ముట్టకపోయేది.”

నేను నవ్వుతూ, అందుకే నీకు ఇంత దేశభక్తి అక్కా అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“నాకు గది తెల్వది. ఉపన్యాసాలు గూడ నాకు సమజ్ గావు. పిల్లగాండ్లు పొద్దుగాల్నే లేస్తరు, తానాలు చేస్తరు, తెల్లంగ తయారైతరు. ఎండల నిలవడ్తరు. ఆకలైతది. గంతే. గా ఒక్క పూట వాళ్ల కడుపు చల్లగుంటే, పెద్దగైనంక జెండా అంటే మంచి మతికొస్తది. లేకుంటే కండ్లు తిరిగిందే మతికొస్తది.”

ఆ పూలు వేడినీళ్ళలో నానబెడితే నీలిమందు కలిపినట్టు అవుతాయి. ఆ నీళ్ళలో వేలు ముంచి ప్రతి కుడుము మీద తెలుపు నడుమ ఒక చుక్క పెట్టేది. చక్రం ఏదక్కా అని పిల్లలు అడిగితే, “తిరుగుతున్నది బిడ్డా, గందుకే చుక్కలెక్క కొడ్తున్నది,” అని చెప్పేది.

ఆమె భర్త రైల్వేలో గేటు డ్యూటీ. ఆయన మాట మేమెవరమూ సరిగా విన్నది లేదు. ఏమన్నా అడిగితే ఆమె వైపు చూసేవాడు. ఆమె జవాబు చెప్పేది. ఆయనకు జ్వరం వచ్చిన రోజు దవాఖానలో డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగితే కూడా ఆమే చెప్పిందట, ఆయన తల ఊపాడట. మాటలు రావేమోనని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకునేవాళ్ళు.

ఇంత మనిషి, పొద్దుపొడిచేలోపు లేకుండా పోయింది. ఎట్లా జరిగిందో తరువాత తెలిసింది. చీకటితోనే లేచి కుడుములన్నీ ఆవిరికి పెట్టి, దించి, నీలం చుక్కలు పెట్టి, బేసిన్ల మీద బట్ట కప్పింది. వంటింట్లో గోడకు ఆనుకొని పీట మీద కూర్చుంది. జర చాయ్ పెట్టవా అని భర్తను అడిగింది. ఆయన చాయ్ పెట్టి ముందర ఉంచాడు. కునుకు తీస్తోందనుకొని ఊరుకున్నాడు. చాయ్ మీద మీగడ కట్టాక భుజం మీద చెయ్యి వేశాడు. వెనక వీధిలోని డాక్టరు వచ్చి చూసి, గుండె, ఏం చెయ్యలేమన్నాడు.

నేను పోయేసరికి ముందు గదిలో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. తల దగ్గర దీపం పెట్టారు. అత్త ఆ పక్కనే గోడకు ఆనుకొని ఉంది. ఏడవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె అక్క కుడిచెయ్యి సర్దబోయి వెనక్కి తీసుకుంది.

“ఏలు నీలమైంది సూడుండ్రి. పుర్గు గిట్ల ముట్టిందా ఏంది?”

పురుగు ముట్టడమంటే మా దగ్గర పాము కుట్టడం. ఇద్దరు దిగ్గున లేచి మూలలు చూడసాగారు. నేను వంగి చూశాను. చూపుడువేలు కొస ముదురు నీలం. తరువాత వంటింట్లోకి పోయి చూస్తే, పొయ్యి గట్టు మీద గిన్నెలో శంఖుపూల నీళ్ళు. దాన్ని తీసుకొచ్చి వాళ్ళ ముందు పెట్టాను. గిన్నెలో నా వేలు ముంచి చూపించాను. అప్పుడు మొదటిసారి అందరూ ఏడ్చారు.

వంటింట్లో బేసిన్లు ఇంకా వేడిగా ఉన్నాయి. ఇది నేను ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను. మనిషి చల్లబడింది, ఆమె చేసిన కుడుములు చల్లారలేదు. బట్ట మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. చెయ్యి తీయలేకపోయాను.

బయట పిల్లలు అప్పటికే తెల్లబట్టలతో వచ్చేశారు. కొందరికి సంగతి తెలుసు, కొందరికి తెలియదు. గేటు ముందు గుంపుగా నిలబడ్డారు. సారు వచ్చాడు. లోపలికి వచ్చి చూసి, కండువాతో మొఖం కప్పుకొని బయటికి పోయాడు. సంఘం పెద్దలు నలుగురూ అక్కడే చేరారు. నేను కిటికీ దగ్గర ఉన్నాను కాబట్టి మాటలు వినపడుతున్నాయి.

“జెండా ఈయేడు వద్దు. వీధిల శవం పెట్టుకొని ఎట్ల?”

“మరి గా కుడుములు?”

“మైల గదనయ్యా. ఎవలు తింటరు? బర్రెలకు వెట్టిద్దాం.”

బర్రెలకు అన్న మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. అది అన్నవాడు చెడ్డవాడు కాడు. ప్రతి ఏడూ ఆ కుడుములు ఇంటికి కూడా కట్టుకొని పోయేవాడు. చావు జరిగిన ఇంట్లో వండింది తినకూడదని తాతల నుంచి వింటున్న మాట, అది నేను కూడా విన్నదే.

నా పక్క నుంచి ఎవరో బయటికి నడిచారు. చూస్తే ఆమె భర్త. గేటు దగ్గరికి పోయి సారు ముందు నిలబడ్డాడు. అలవాటు చొప్పున ఒకసారి వెనక్కి తిరిగి ఇంట్లోకి చూశాడు. అక్కడ ఆయన బదులు మాట్లాడేవాళ్ళు లేరు. మళ్ళీ సారు వైపు తిరిగాడు.

“జెండా ఎందుకు వద్దు సారు?”

సన్నటి గొంతు. అక్కడున్న సగంమంది ఆ గొంతు వినడం అదే మొదలు. సారు ఏదో చెప్పబోయాడు.

“సచ్చింది మా ఇంట్ల,” అన్నాడాయన. “జెండాకేమైంది? పిల్లలు పొద్దుగాల్నే తయారై వచ్చిన్రు. మీరు పొమ్మంటే ఆకలితోని పోతరు. గామె పానముండంగ చేసింది గవి. పీట మీద కూసునేదాక చేసింది. మైల నాకుంటది, మా ఇంటికుంటది. పిల్లలకెట్లుంటది?”

అంత మాట్లాడి ఊపిరి అందనట్టు గేటు పట్టుకున్నాడు. తల్లులు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. ఆయన లోపలికి వచ్చి, ఒక బేసిన్ ఎత్తుకొని, ఎవరినీ సాయం అడగకుండా ట్యాంకు వైపు నడిచాడు. పిల్లలు ఆయన వెనక నడిచారు. ఏం చెయ్యాలో తెలియక మేమూ నడిచాం. రెండో బేసిన్ నేనూ, రంగు పొట్లం తెచ్చినావిడా చెరో పక్క పట్టుకున్నాం.

ఆ రోజు ఉపన్యాసం లేదు. సారు తాడు లాగాడు. జాతీయగీతం పాడాము. పాడాము అంటున్నాను గాని నా గొంతు నాకే వినపడలేదు. పిల్లల గొంతులే వినపడ్డాయి. తరువాత ఇంట్లో ఉన్నవాళ్ళు చెప్పారు, ఆ పాట ఆ గది దాకా వినపడిందని, చాప చుట్టూ కూర్చొని ఏడుస్తున్న ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఒకరొకరుగా లేచి నిలబడ్డారని. గోడ పట్టుకొని ముసలి అత్త కూడా లేచిందట. ఇప్పటికీ ఆ గదిని అట్లాగే చూస్తాను. పడుకున్నది ఆమె ఒక్కతే. మిగతా అందరూ నిలబడి ఉన్నారు.

పాట అయిపోయింది. భర్త బట్ట తీశాడు. ఎవరూ ముందుకు రాలేదు. పిల్లలు తల్లుల వైపు చూస్తున్నారు, తల్లులు నేల చూపులు చూస్తున్నారు. ఆయన చేతిలో కుడుము అట్లాగే ఉంది. ఆకుకూరల అవ్వ గంప పక్కన పెట్టి వచ్చింది. ఆమె మా కాలనీ మనిషి కాదు. ఊరి చివరి తండా నుంచి రోజూ వచ్చి పోతుంది.

“దాంట్ల పాలకూర నాది,” అంది. “నా కూర నేను తినొద్దా?”

ఆయన చేతిలోంచి కుడుము తీసుకొని కొరికింది. నమిలింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే, “ఉప్పు మంచిగ పడ్డది,” అంది. ఆ మాటకు పిల్లల వరుస కదిలింది. నేనూ తిన్నాను. వెచ్చగానే ఉంది. అందరూ తిన్నారని చెప్పను. కొందరు పిల్లల చేతులు పట్టుకొని వెనక్కి పోయారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. సారు ఒకటి తీసుకొని చేతిలో పట్టుకొని చాలాసేపు జెండా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన తిన్నది లేనిది నేను చూడలేదు. బేసిన్లు మాత్రం ఖాళీ అయ్యాయి.

మధ్యాహ్నానికి భూపాలపల్లి నుంచి అక్క బిడ్డ, పెళ్ళై పోయిన కూతురు, వచ్చింది. అల్లుడు అక్కడ బొగ్గు బావిలో పని. సాయంత్రం తీసుకుపోయారు.

మూడో నాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తళ్ళలో, మా మాటలో ఇస్తార్లలో, వడ్డించి, ఊరి బయట పెట్టి కాకి కోసం చూడడం మా దగ్గర ఆచారం. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి బిడ్డ మా ఇంట్లో వండింది. ఏం వండాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మూడు రంగుల కుడుములే. నేనే పిండి కలిపాను, ఆమె ఒత్తింది. షర్బత్ కూడా చేశాము. ఈసారి రంగులు నిలిచాయి.

శ్మశానం, అదే వైకుంఠధామం, ప్రహరీ మీద కాకులు వాలి ఉన్నాయి. ఇస్తారి పెట్టి దూరం జరిగాము. అవి చూశాయి. రాలేదు. ఎండ ఎక్కింది. ఒకటి కిందికి దిగి ఇస్తారి చుట్టూ తిరిగి మళ్ళీ ఎగిరి పోయింది. కార్యం చేయిస్తున్న పెద్దమనిషి అడిగాడు.

“ఆమెకిష్టమైంది ఏదన్న మర్సిపోయిన్రా?”

బిడ్డ నోరు తెరిచింది. “మా అమ్మకు...” అని ఆగింది. “మా అమ్మకు అన్ని ఇష్టమే,” అంది మెల్లగా. పెద్దమనిషి భర్త వైపు చూశాడు.

“నాకేమిష్టమో ఆమెకు తెల్సు,” అన్నాడు. అంతవరకే వచ్చింది.

నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పగలిగేదాన్ని కాదు. ఇన్నేళ్ళు ఆ వంటింట్లో కూర్చున్నాను. ఆమె తింటుండగా చూసిన పూట ఒక్కటన్నా గుర్తు తెచ్చుకుందామని చూశాను. గరిటె పట్టుకున్నది కనపడుతోంది, పిండి ఒత్తుతున్నది కనపడుతోంది, ఎవరి విస్తట్లోనో వడ్డిస్తున్నది కనపడుతోంది. చెయ్యి నోటి దగ్గరికి పోయింది మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. చుట్టూ చూశాను. కాలనీ సగం అక్కడే ఉంది. అందరూ అదే వెతుక్కుంటున్నట్టు నిలబడ్డారు. ఆమె పోయిందన్న పొద్దు కూడా నాకు అంత దెబ్బ తగల్లేదు.

వెనక కర్ర చప్పుడు అయింది. అత్త. పోయిన నాటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడినట్టు ఎవరూ వినలేదు. జనాన్ని తప్పుకోమని కర్రతోనే చెప్పి, ఇస్తారి దగ్గరికి నడిచి, వంగలేక వంగి కింద కూర్చుంది. కొంగు ముడి విప్పింది. అందులో నల్లటి పెచ్చులు.

“ఏందే నానమ్మా గది?” అంది మనవరాలు.

“సర్వపిండి మాడు.”

సర్వపిండి మా దిక్కు ఇళ్ళలో అందరూ చేసేదే. పిండిలో కారం, నువ్వులు, పల్లీలు కలిపి గిన్నె లోపలివైపు ఒత్తి కాలుస్తారు. ఒలిచి తీశాక గిన్నెకు అంటుకొని నల్లగా కొంత మిగులుతుంది. దాన్ని నానబెట్టి తోముకుంటాం.

“దానికి గిదే పానం,” అంది ముసలమ్మ. మాతో కాదు, ఎప్పటిలాగే ఎదుటి గాలితో చెప్తున్నట్టు చెప్పింది. “అందరు తిన్నంక గిన్నె ముందటేసుకొని కూసునేది. అట్లకాడతోని గోకి గోకి తినేది. కండ్లు మూసుకొని తినేది. నేను సూస్తున్నని దానికి తెల్వకపోయేది.”

“మరి ఎన్నడన్న చెప్పకపోతివి నానమ్మా.”

“ఎట్ల చెప్త? కోడలికి మాడు తినవెడ్తున్నదని నన్నే అనకపోయిన్రా మీరంత?”

ఆ పెచ్చులు కుడుముల మీద కాకుండా పక్కన, ఖాళీ జాగా చూసి జాగ్రత్తగా పరిచింది. ఆమె కొడుకు వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. మనవరాలు కళ్ళు తుడుచుకొని, ఇంట్లో పొయ్యి వెలిగించలేదు కదా, ఇది ఎక్కడిదని అడిగింది.

“ఎనుక గల్లీల తెల్సినోళ్లింట్ల చేసుకొచ్చిన. పొద్దుగాల. మాడుతున్నదవ్వా, మంట తగ్గియ్యి అని గామె ఒక్కటే లొల్లి.”

ముసలమ్మ చేతులు దులుపుకుంది. చేతుల నిండా మసి.

“కావాల్ననే మాడవెట్టిన,” అంది.